మైలన్న ఎడమ కొమ్ము

ఈ దొడ్డిలో వైద్యం తెలిసిన జీవిని నేనొక్కణ్ణే. పశువుల ఆసుపత్రి గోడకు అంటించిన క్యాన్సర్ కాగితం నాలోనే ఉంది. చదివాననుకునేరు. తిన్నాను. అదీ కింది సగమే అందింది.

నేను మేకపోతుని. మా రైతు ఓబులేసు దొడ్డిలో నాతోపాటు మైలన్న అనే ఎద్దు, గవ్వత్త అనే ముసలి కుక్క, నాలుగు కోళ్ళు ఉంటాయి. మైలన్న ఓర్పు ఎంతటిదంటే, కాడి కింద మెడ ఒరుసుకుపోయినా ఉలకడు. ఆ వేసవిలో అతని ఎడమ కొమ్ము మొదలు దగ్గర మెత్తబడింది. తల ఆ పక్కకే వాల్చి, కొమ్మును గుంజకేసి రుద్దుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు.

కంచె అవతలి నుంచి నక్క కనిపెట్టింది. పరామర్శకు వచ్చినట్టు వచ్చి, అది క్యాన్సరేనని, క్యాన్సర్లన్నీ ఒకటేనని, ఎవరికొచ్చినా పోవడమేనని మెల్లగా చెప్పింది.

"బయటపడితే రేపే సంతకు తోలేస్తారు మైలన్నా. ఏరువాక పున్నమి వస్తోంది కదా. కొమ్ములకు ఎర్రరంగు పూస్తారు, వాటి మొదళ్ళకు పూలదండ చుడతారు. నెత్తురు చారికున్నా అందులో కలిసిపోతుంది. ఓర్పున్నవాడివి, ఓర్చుకో."

ఎద్దు చస్తే ఊరి బయట వాగు వంకలో పడేస్తారు. నక్కకు పది రోజుల తిండి. పోతూ పోతూ నాతో, అది అంటుకుంటుందని కూడా అంది. నేను వెంటనే నా పడక అవతలి మూలకు మార్చుకున్నాను.

గవ్వత్త చూసి ఎందుకని అడిగింది. చెప్పాను. ఆవిడ నేరుగా వెళ్ళి మైలన్న ముందు కూర్చుంది. రెండేళ్ళ కిందట ఆవిడకు పాలచన్ను దగ్గర గడ్డ లేస్తే కోసి తీశారు. నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో పడుకుని, డాక్టరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటలు విన్నది.

"నాకొచ్చిందీ క్యాన్సరే తమ్ముడూ. చచ్చానా? మన ఒళ్ళంతా కంటికి కనపడని కణాలు. పాతవి పోతాయి, కొత్తవి పుడతాయి, చాలంటే ఆగుతాయి. ఒకటి ఆగడం మానేసి పెరుగుతూనే పోతే, అదీ ఈ జబ్బు. ఎక్కడ మొదలైతే ఆ పేరు. చర్మంలో, పేగు లోపలి పొరలో, నా చన్నులో మొదలయ్యేవి ఒక తీరు. ఎముకలో, కండలో పుట్టేవి ఇంకో తీరు. నెత్తురులో పుట్టేదానికి గడ్డే ఉండదు, ఒళ్ళు పాలిపోతుంది, ఊరికే జ్వరాలొస్తాయి. మెడకింద బిళ్ళకట్టే గ్రంథుల్లో పుట్టేది వేరే. కొన్ని ఏళ్ళ తరబడి పాకుతాయి, కొన్ని నెలల్లో పరిగెడతాయి. మందు కూడా దేనిది దానిదే. అసలు ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. నీది ఏమిటో నక్కకేం తెలుసు?"

మరి అంటుకోవడం సంగతేమిటని నేను మూలలోంచి అడిగాను.

"మా కుక్కల్లో మాలో మాకు అంటేది ఒకటుంది. కొమ్ముది అంటదు. లేచి నీ పడక ఇక్కడ వేసుకో."

మైలన్న గుంజకేసి రుద్దుకోవడం ఆపాడు. "తెలిస్తే సంతకు తోలరా అక్కా?"

"తెలియకపోతే వంకకు తోలతారు."

అయినా అతనికి ధైర్యం చాల్లేదు. ఏరువాక నాడు ఎడమ పక్క గోడకు ఆనించి నిలబడ్డాడు. అవతల డప్పులు మొదలయ్యాయి. ఓబులేసు తొందరలో చేయి అందినంత రంగు పూసి, బంతిపూల దండ చుట్టి, గజ్జెలు తేవడానికి లోపలికి పోయాడు. నేను గోడెక్కి దండ కొరికాను. దారం ఎడమ కొమ్ముకు బిగుసుకుంది, నేను లాగాను. ఏనాడూ గొంతెత్తని మైలన్న రంకె వేశాడు.

ఓబులేసు పరిగెత్తుకొచ్చేసరికి ఎడమ ముక్కులోంచి సన్నగా నెత్తురు కారుతోంది. దండ తీసి కొమ్ము పట్టుకుంటే చేతిలో కదిలింది. ఆయన ఎద్దు మెడకు నుదురు ఆనించి అలాగే నిలబడిపోయాడు. ఆ ఏడు ఊరి అరకల వెంట మా అరక సాగలేదు. ఎద్దును నడిపించుకుని ఆసుపత్రికి పోయాడు.

డాక్టరమ్మ మత్తు సూది వేసి కొమ్మును మొదలంటా తీసేసింది. జబ్బు కొమ్ము లోపలి పొరలో మొదలైందని, కొమ్ము లోపలి బోలు ముక్కుదాకా ఉంటుంది కాబట్టే నెత్తురు అటు కారిందని, పుర్రెలోకి ఇంకా దిగలేదని, ఇంకో నెలైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని చెప్పింది. మళ్ళీ రావచ్చు కాబట్టి అప్పుడప్పుడూ చూపించమంది.

వంక గట్టున కాచుక్కూర్చున్న నక్క వారానికి కంచె దగ్గరికొచ్చింది. ఒంటి కొమ్ముతో గడ్డి నములుతున్న ఎద్దును చూసి, బాగా చిక్కావు మైలన్నా అంది.

"నువ్వూ చిక్కావు," అన్నాడు మైలన్న.

నొప్పిని ఓర్చుకో, కానీ దాచకు అని గవ్వత్త ఇప్పుడు కోడిపిల్లలకు సైతం నేర్పుతోంది. నేను కావాలనే దండ తిని మైలన్నను కాపాడానని కూడా చెబుతోంది. ఆకలేసి తిన్నాను. అది ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు. ఒప్పుకోలేనిది ఇంకొకటుంది. మైలన్న తల వాల్చి నడవడం నక్కకంటే నెల ముందే నేను చూశాను. చూసి, నేనూ తల వాల్చుకుని అతని వెనకే నడిచి, కోళ్ళను నవ్వించాను.