ఓటమి లేని విద్య

గురువమ్మ అసిరమ్మకు ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగినచోట జవాబు చెప్పేది కాదు. విననట్టే చేతిలో పని చూసుకునేది. వారానికో నెలకో, అడిగినవాడు ఆ సంగతే మరిచిపోయాక, ఎక్కడికో వెంటబెట్టుకుపోయేది. జవాబు అక్కడ దొరికేది. కొందరికి దొరికేది కాదు. అందుకు ఆమె ఏమీ నొచ్చుకునేది కాదు.

నాగావళి ఒడ్డున గెడ్డవలసలో ఆమె తండ్రి నడిపిన గరిడీ ఉండేది. గరిడీ అంటే సాము నేర్పే చోటు. తండ్రికి మగపిల్లలు లేరు. ఆయన పోయిన పన్నెండోనాడు, గరిడీ మూసేద్దామని ఊరిపెద్దలు తాళం పట్టుకుని వచ్చారు. అసిరమ్మ నేల మీద నీళ్ళు చల్లి, చీర బిగించి కట్టి, ఒంటరిగా కర్ర తిప్పుతూ కనిపించింది. పెద్దలు కాసేపు నిలబడి చూశారు. తాళం తీసుకుని వచ్చినదారినే వెళ్ళిపోయారు. అది ముప్పై ఏళ్ళ కిందటి మాట.

ఆ గరిడీకి ఒకనాడు తవిటయ్య వచ్చాడు. బెల్లం బళ్ళు తోలుకునే మనిషి, ఇరవయ్యారేళ్ళవాడు. అతని రాకకు కారణం ఉంది. ఆ ప్రాంతాన జమీందారు కచేరీ ముందునుంచి పోయేవాళ్ళెవరైనా బండి దిగి, చెప్పులు చేతపట్టుకుని నడవాలి. ఒక సాయంత్రం బండిలో ఉన్న భార్య గంగులమ్మకు జ్వరంగా ఉంటే తవిటయ్య బండి దిగకుండా తోలాడు. కచేరీలో కర్రసాముకు పేరుమోసిన భీమేశం అనేవాడు ఉన్నాడు. వాడు ఒక్క దెబ్బతో అతన్ని బండి మీదనుంచి పడగొట్టాడు. అంతటితో వదల్లేదు. మొగుడి చెప్పులు గంగులమ్మ నెత్తిన పెట్టి, కచేరీ గోడ దాటేదాకా నడిపించాడు. జ్వరంతోనే నడిచింది ఆమె. ఇంటికొచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదనిపించేది తవిటయ్యకు.

ఆ తరవాత అతను విద్యల వెంట పడ్డాడు. బొబ్బిలి వైపు ఒక పహిల్వాను దగ్గర కుస్తీకి చేరాడు. ఐదునెలలకు ఒక బక్కవాడు అతన్ని ఎత్తి పడేశాడు. కుస్తీలో పస లేదని వచ్చేశాడు. కత్తిసాము పట్టాడు. ముంజేతి మీద గాయమైంది. అదీ మానేశాడు. చివరికి అసిరమ్మ దగ్గర కర్ర పట్టి రెండునెలలు కాకముందే, ఆమె వెదురుకర్రకు ఆముదం రాస్తూ కూర్చున్న వేళ చూసి అడిగాడు.

“గురువమ్మా, ఇన్ని విద్యలున్నాయి కదా. ఏది నేర్చుకుంటే ఓటమి ఉండదు?”

అసిరమ్మ కర్ర తిప్పి రెండోవైపు రాయడం మొదలుపెట్టింది. రాయడం అయ్యాక, “తీర్థానికి బండి కట్టు. నేనూ వొస్తాను,” అంది.

తీర్థం అంటే ఏటా మాఘమాసంలో ఏటి ఇసకలో జరిగే జాతర. అక్కడ సున్నంతో గీత గీసి ఒక బరి కట్టేవారు. చేతిలో కర్ర జారినా, కాలు గీత దాటినా ఓడినట్టు. ఒకప్పుడు ఊరూరి గరిడీలవాళ్ళు ఒకరితో ఒకరు తలపడే చోటు అది. భీమేశం కచేరీలో చేరిన తరవాత పద్ధతి మారింది. ప్రతి గరిడీ పెద్దా బరిలోకి వచ్చి, తన కర్ర భీమేశం కాళ్ళ దగ్గర పెట్టి, జమీందారు దివానుగారి చేతిమీదుగా కొబ్బరికాయ పుచ్చుకుని పోవాలి. తొమ్మిదేళ్ళుగా బరిలో ఒక్క దెబ్బ పడలేదు. అసిరమ్మ ఆ తొమ్మిదేళ్ళూ తీర్థం మొహం చూడలేదు.

ఆ ఏడు వెళ్ళింది. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు.

డప్పుల వాళ్ళు ఆగాక చాటింపువాడు ఏటా చెప్పే మాటే చెప్పాడు. పొద్దుగూకేదాకా బరి తెరిచే ఉంటుంది, సత్తా ఉన్నవాడెవడైనా దిగవచ్చు అన్నాడు. గరిడీ పెద్దలు వరసగా వచ్చారు, కర్రలు పెట్టారు, కాయలు పుచ్చుకున్నారు. భీమేశం కాళ్ళ దగ్గర కర్రలు పొయ్యికట్టెల్లా పోగుపడ్డాయి. తవిటయ్య ఆ పోగును చూడలేక తల తిప్పుకున్నాడు. తిప్పుకునేసరికి పక్కన గురువమ్మ లేదు.

అసిరమ్మ గీత దాటి లోపల నిలబడి ఉంది.

దివాను కుర్చీలోంచే, “ముసలమ్మవు, అంతదూరం రావడమెందుకు? అక్కడ పెట్టి వెళ్ళు,” అన్నాడు.

“పెట్టడానికి తేలేదు బాబూ,” అంది అసిరమ్మ.

జనం నవ్వారు. భీమేశం కూడా నవ్వాడు. నవ్వుతూనే కర్ర ఆడించాడు. ఆమె కర్ర ఎగిరి గీత అవతల పడింది. డప్పు మోగింది. అసిరమ్మ వెళ్ళి కర్ర తీసుకుంది. అందరూ ఆమె అటునుంచి అటే వెళ్ళిపోతుందనుకున్నారు. ఆమె మళ్ళీ లోపలికి వచ్చింది.

“ఓడిపోయావు కదా,” అన్నాడు దివాను.

“ఓడిపోయాను. పొద్దింకా ఉంది.”

రెండోసారీ కర్ర పోయింది. మూడోసారి భుజం మీద దెబ్బ పడి కర్ర జారింది, ఆమె ఒక మోకాలి మీద కూలింది. తవిటయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె తల తిప్పకుండానే చెయ్యి ఎత్తి వారించింది. నాలుగోసారికి జనంలో నవ్వు లేదు. ఐదోసారి కుడిచెయ్యి పని చెయ్యకపోతే ఎడమచేత్తో కర్ర పట్టుకుని వచ్చింది. తవిటయ్యకు మొదట సిగ్గేసింది, తన గురువు ఇంతమందిలో పడిపోతోందని. తరవాత కోపం వచ్చింది. ఆరోసారికి ఆ రెండూ పోయాయి. ఆమె పడడాన్ని చూడడం మానేసి, లేవడం మాత్రమే చూస్తున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో తెలియదు, ఆమె లేచినప్పుడల్లా ఊపిరి బిగబట్టి తనూ మునివేళ్ళ మీద లేస్తున్నాడు.

ఎనిమిదోసారి ఆమె లేవలేకపోయింది. చెయ్యి కర్ర కోసం తడిమింది గాని, కర్ర దూరంగా ఉంది.

తవిటయ్య గీత దాటాడు. ఈసారి ఆమె వారించలేదు. అతను ఆ కర్ర తీసుకుని భీమేశం ఎదుట నిలబడ్డాడు. భీమేశం గుర్తుపట్టాడు. “బండివాడివి కదూ నువ్వు? ఏం నేర్చుకున్నావని వొచ్చావు?”

“ఇంకా ఏటీ నేర్చుకోలేదు,” అన్నాడు తవిటయ్య. “వొచ్చాను, అంతే.”

దెబ్బ ఎటునుంచి వచ్చిందో అతనికి తెలియలేదు. ఇసకలో బోర్లా పడ్డాడు, కాళ్ళు గీత అవతల. నోట్లో ఇసకా నెత్తురూ కలిసి తగిలాయి. చెవుల్లో హోరు. ఆ హోరులోనే, ఇప్పుడిక పడుకోవచ్చునని, ఇంతకన్నా ఎవరూ ఏమీ అడగరని అనిపించింది. నిజానికి ఎవరూ అడగలేదు కూడా. అయినా చేతిలో కర్రతోనే మోచెయ్యి ఆనించి లేచాడు. గీత లోపలికి వచ్చి నిలబడ్డాడు. కర్ర ఎదురుగా పట్టాడు.

భీమేశం కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్ర అలాగే కాసేపు ఉంది. తరవాత దించి, దివాను వైపు తిరిగాడు.

“బాబూ, తొమ్మిదిసార్లు గెలిచాను. ఇంకెన్నిసార్లు గెలవాలి?”

దివాను ఏమీ అనేలోపల, జనంలోంచి కుమ్మరగుంట గరిడీ పెద్ద సన్యాసప్పడు ముందుకు వచ్చాడు. ఇందాక అందరికన్నా ముందు కర్ర పెట్టినవాడు ఆయనే. కొబ్బరికాయ తీసుకెళ్ళి దివాను కుర్చీ పక్కన పెట్టాడు. పోగులోంచి తన కర్ర వెతుక్కుని తీసుకుని, తవిటయ్య వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకడు వచ్చాడు. ఆ తరవాత ఇద్దరు. భీమేశం పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చాడు. పోగు చూస్తుండగానే తరిగిపోయింది.

పొద్దు ఇంకా బారెడు ఉండగానే, బరి మూసేశామని దివాను చాటింపు వేయించాడు.

తవిటయ్య గురువమ్మను ఎత్తి బండిలో గడ్డి మీద పడుకోబెట్టాడు. ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. బండి ఏరు దాటింది. గట్టెక్కాక అతను ఎద్దులను నిదానంగా నడిపిస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“ఎనిమిదిసార్లు ఓడిపోయారు మీరు.”

“తొమ్మిదోది నీది,” అంది అసిరమ్మ. “దాన్ని కూడా నామీద వెయ్యకు.”

అతనికి నవ్వొచ్చింది, పెదవి చిట్లి ఉండడంవల్ల నవ్వలేకపోయాడు. కొంతదూరం పోయాక మళ్ళీ అడిగాడు. “అయితే ఓటమి లేని విద్య లేదన్నమాట.”

బాధకు సొమ్మసిల్లిందేమోనని బండి ఆపి వెనక్కి చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అతన్నే చూస్తోంది.

“పడ్డప్పుడు కర్ర వొదల్లేదు నువ్వు,” అంది. “రేపు పెందలకడే రా. ఇకనుంచి నీకు కర్ర నిజంగా నేర్పుతాను.”