వీలునామా లేని మహారాజు

ఒకానొక రాజ్యంలో, అది ఏ దిక్కున ఉండేదో ఇప్పుడు చెప్పగలవాళ్ళు లేరు, రణరంగవర్మ అనే మహారాజు ఉండేవాడు. ఆయన యుద్ధమన్నది చేసి ఎరగడు. పేరు పెట్టింది తాతగారు కనుక అందులో ఆయన తప్పేమీ లేదు. యుద్ధాలు లేని రాజుకు తీరిక ఎక్కువ. తీరిక ఎక్కువైన రాజు చట్టాలు చేస్తాడు.

అలా పుట్టిందే వీలునామా చట్టం. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు వినీ వినీ విసిగిపోయి, "ప్రతివాడూ తన తదనంతరం ఏది ఎవరికో బతికుండగానే స్వహస్తంతో రాసిపెట్టాలి. రాయకుండా పోతే ఆస్తి బొక్కసానిది" అని చాటింపు వేయించాడు. ఆలోచన చెడ్డదని అనలేం. అంతటితో ఆగితే బాగుండేది. మనిషి మంచాన పడగానే బంధువులు ఇంట్లో సామాను తమ ఇళ్ళకు చేరవేస్తారని ఎవరో చెప్పారు. దాంతో, వీలునామా లేనివాడికి ఏ కాస్త నలత చేసినా బొక్కసం అధికారి తక్షణం వెళ్ళి ఆస్తికి లక్కముద్రలు వెయ్యాలని కూడా చేర్చాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ దేశంలో వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. రాయడమంటే యముడికి తాంబూలం ఇచ్చి పిలవడమే అనుకునేవారు. గొడుగు కొంటే వాన వస్తుందా అని ఎవరూ అడగలేదు. కనుక ఎవడూ రాయలేదు. బొక్కసం నిండుతూ వచ్చింది. ఇదంతా తన ధర్మపాలన ఫలితమని రాజు మురిసిపోయాడు.

ఆ కొలువులో కొండుభట్టు అనే చమత్కారి ఉండేవాడు. ఒకనాటి ఉదయం అతను ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండగానే గురవమ్మ వచ్చి అరుగు పక్కన కూలబడింది. ఆమె భర్త పెద్దెన్న పట్టపుటేనుగు మావటి. పోయి నెల కూడా కాలేదు.

"బతికుండగానే వచ్చి ముద్రలేశారయ్యా! జొరమొచ్చిందంతే. పడుకున్న మంచానికీ వేశారు. పక్క మీంచి లేచాక మళ్ళీ ఎక్కనివ్వలేదు."

"పెద్దెన్న వీలునామా రాయలేదా?"

"రాయమంటే, 'నన్ను సాగనంపాలని చూస్తున్నావే' అని ఇల్లెగిరిపోయేట్టు కేకలేశాడు. మదమెక్కిన ఏనుక్కి జడవనోడు తాటాకు చూసి జడిశాడయ్యా! ఇప్పుడు అమావాస్యకి ఇల్లు వేలమంట. ఆ గోడలు నేను మట్టి తొక్కి పెట్టుకున్నవి. ఏనుగుల సాలలో పడుంటున్నా."

కొండుభట్టు నోరు కడుక్కున్నాడు. రాజుగారి చట్టం తప్పని రాజుగారికే చెప్పినవాళ్ళు ఆ రాజ్యంలో ఇద్దరున్నారు. ఇద్దరూ పొరుగు రాజ్యంలో ఉంటున్నారు.

"వేలం దాకా రానివ్వను, వెళ్ళిరా తల్లీ" అన్నాడు. ఎలాగో అతనికీ తెలియదు.

ఆ పూట కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, జనం వీలునామాలు ఎందుకు రాయడం లేదో కనుక్కున్నాను."

"ఎందుకట?"

"పిరికివాళ్ళు ప్రభూ. చావు పేరెత్తితే వణుకు. తమవంటి ధీరులు నిండుకొలువులో తమ వీలునామా తామే రాస్తే, సిగ్గుపడి అందరూ రాస్తారు."

రాజు మీసం దువ్వాడు. "అదెంతసేపు! తాటాకులు తే."

ఆకులు కొండుభట్టు చంకలోనే ఉన్నాయి. అటక మీద దాచిన ఆకులకు పురుగు పట్టకుండా మిరియాల పొడి చల్లేవారు. రాసేవారికి ఇచ్చేముందు దులిపి ఇవ్వడం మర్యాద. ఆవేళ కొండుభట్టు దులపలేదు.

రాజు గంటం పట్టాడు. "ఏమని మొదలుపెట్టాలి?"

"'నేను పోయిన తరువాత' అని ప్రభూ. చట్టంలో తమరు విధించినదే."

రాజు 'నేను' అని రాశాడు. గంటం ఆగింది.

"'ఎవరైనా ఒక రాజు, ఎప్పుడైనా' అని రాస్తే?"

"ఏ రాజో తెలియాలి కదా ప్రభూ."

"'నేను లేని సమయంలో' అంటే?"

"వేటకెళ్ళారనుకుంటారు ప్రభూ."

రాజు నుదుట చెమట పట్టింది. ఆలోచిస్తున్నట్టు ఆకు మీదికి బాగా వంగాడు. వంగి, సభ అదిరేట్టు తుమ్మాడు.

"శతాయుష్షు! శతాయుష్షు!" అన్నారంతా.

"అపశకునం!" అన్నాడు రాజు, పెళ్ళివారి కబురు విన్నంత సంతోషంగా. "ఇవాళ్టికి చాలు."

"చిత్తం" అన్నాడు కొండుభట్టు. అని, బొక్కసం అధికారి వైపు తిరిగాడు. "తిప్పన్నగారూ, తుమ్ము నలత కిందికి వస్తుందాండీ?"

తిప్పన్న చట్టం తప్ప మరో శాస్త్రం చదవనివాడు. కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"వస్తుంది. పెద్దెన్నకూ మొదట తుమ్ములే."

"ప్రభువులు వీలునామా రాశారా?"

తిప్పన్న లేచి వచ్చి ఆకు చూశాడు. "'నేను' అని రాశారు. అది చాలదు."

తిప్పన్న భటులకు సైగ చేశాడు. సగంమంది అంతఃపురానికి వెళ్ళారు. తను మాత్రం లక్క కరిగించుకుని సింహాసనం దగ్గరికి వచ్చాడు. "ప్రభువులు కాస్త లేస్తే, కింద ముద్ర వేసుకుంటాను."

"తిప్పన్నా! నీకు మతి పోయిందా? నేను బతికే ఉన్నాను!"

"పెద్దెన్న కూడా అప్పటికి బతికే ఉన్నాడు ప్రభూ."

రాజు లేచాడు. తిప్పన్న ముద్ర వేశాడు. రాజు కూర్చోబోతే అడ్డం వచ్చి, "ముద్ర చెదురుతుంది" అన్నాడు.

ఇంతలో రాణి మందాకినీదేవి కొలువులోకి వచ్చింది. ఆమె మామూలుగా అలా రాదు.

"నా ఉయ్యాలబల్లకు లక్క పూయమని ఎవరు చెప్పారు?"

"చట్టం, తల్లీ" అన్నాడు తిప్పన్న.

"అయితే రేపు ఈయనకేమన్నా అయితే నేనెక్కడికి పోవాలి?"

కొండుభట్టు ఒక అడుగు ముందుకు వేశాడు. "మావటి భార్య గురవమ్మ ఏనుగుల సాలలో ఉంటోందమ్మా. ఇంకొకరికి చోటుంటుంది."

రాణి రాజు వంక చూసింది. రాజు తాటాకు మీద ఒంటరిగా నిలబడి ఉన్న 'నేను' వంక చూశాడు. ముందు ఆయన మీసం కదిలింది, తరువాత బొజ్జ కదిలింది, చివరికి పెద్దగా నవ్వేశాడు.

"భయపడింది పెద్దెన్న, వీధిన పడింది వాడి పెళ్ళాం. భయపడితే నా గతీ అంతేనన్నమాట! తిప్పన్నా, రాసుకో. వీలునామా ఉంటే అందులో ఉన్నట్టు. లేకపోతే భార్యాబిడ్డలకు. నా అన్నవాళ్ళు లేనివాడిది మాత్రమే బొక్కసానికి. వెళ్ళి ఆ మావటి ఇంటి ముద్రలు నువ్వే గీకిరా."

తిప్పన్న వెళ్ళాడు. పని పక్కాగా చేసే మనిషి కావడంతో ఆ ముద్రలు గీకడానికి సాయంత్రమైంది. గురవమ్మ గడపలో కూర్చుని, ఇంకా అక్కడ మిగిలింది, ఇక్కడ మిగిలింది అని చూపిస్తూనే ఉందట.

రాజు కొండుభట్టుకు శాలువా కప్పి, ఏటి ఒడ్డున మాగాణి మాన్యం ప్రకటించాడు. కొండుభట్టు వంగి దణ్ణం పెట్టి, "ఆ మాన్యం నా భార్య పేరనే ఇప్పించండి ప్రభూ" అన్నాడు.

"అదేం? సంపాదించింది నువ్వు కదయ్యా!"

"ఇప్పుడే ఆవిడ పేరన ఉంటే నేను వీలునామా రాసే పని తప్పుతుంది. నాకూ భయమే ప్రభూ."

రాజు మళ్ళీ నవ్వాడు. సభంతా నవ్వింది. రాణి మాత్రం నవ్వలేదు.

"విన్నారుగా, నా ఉయ్యాలబల్ల ఇంకా మీ పేరనే ఉంది" అంది.