వంగని విల్లు

కొండకోట దొర భైరవరాజుకు తన విల్లు వంగడం నామోషీగా తోచింది. "నా చేతిలో ఉన్నదేదీ తల వంచకూడదు!" అంటూ, వెదురు విల్లు చేసి తెచ్చిన కొమరన్నను చెరలో వేయించాడు.

మర్నాడు కొమరన్న పెళ్ళాం గురవమ్మ లావాటి సండ్రకర్రకు వింటినారి బిగించి దొర సభకు తెచ్చింది.

"దొరా, ఇది ఎవరికీ వంగదు. లాగి చూడండి."

దొర లాగాడు. మొహం కందిపోయింది, తలపాగా జారింది, నారి మాత్రం కదల్లేదు.

"ఇదేం విల్లే? రేపు పులివేటకు ఏం పట్టుకుపోను?"

"ఎవరికీ వంగనిది తమరికి మాత్రం ఎలా వంగుతుంది దొరా? తమ చేతికి వంగి, బాణాన్ని పులి మీదికి పంపాలంటే వెదురే కావాలి. అది చెయ్యగల మనిషేమో తమ చెరలో ఉన్నాడు."

సభంతా గొల్లుమంది. దొరకూ నవ్వాగలేదు. తలపాగా సర్దుకుంటూ, "ఆ కొమరన్నను వదలండ్రా, పొద్దుగూకేలోగా విల్లు కావాలి!" అన్నాడు.