పల్మో అవ్వ మిద్దె మన్ను

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఊయలకైనా రాని రోజుల్లో, మబ్బులన్నీ కింద పరుచుకుంటే వాటి పైన కనిపించే ఊరొకటి ఉండేది. హిమాలయాల్లో, ఒక నది పక్కన. నదికి అటు ఒక ఊరు, ఇటు ఒక ఊరు. అటుది ఎండవైపు ఊరు, ఇటుది నీడవైపు ఊరు. మన కథ నీడవైపుది.

మనకి కాస్త ఎండ తగిలితే చాలు, నెత్తిన తుండుగుడ్డ వేసుకుని సణుక్కుంటాం. అక్కడ ఎండంటే అన్నం. నీడవైపు ఊరికి పెద్ద కొండ అడ్డం. చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో కూడా మధ్యాహ్నం కాసేపు ఎండ తొంగిచూసి పోయేది, అంతే. అటువైపు వాళ్ళు పొలం దున్ని విత్తనం చల్లుతుంటే, ఇటువైపు పొలాల మీద ఇంకా మొలలోతు మంచు ఉండేది.

ఆ ఊరికి పంచాంగం లేదు. పడమటి దిక్కున ఉన్న మూడు శిఖరాలే పంచాంగం. పొద్దు మొదటి శిఖరం వెనక వాలితే నాగళ్ళు బాగుచేసుకోవాలి. రెండో శిఖరం వెనక వాలితే బార్లీ విత్తాలి. మూడో శిఖరం చేరిందా, ఇక విత్తి లాభం లేదు. అక్కడ వేసవి మూడే నెలలు మరి. ఆలస్యంగా విత్తితే, కంకి పాలు పోసుకునే వేళకే మళ్ళీ చలి వచ్చి పడేది. చేతికి తాలు మిగిలేది.

ఆ ఊళ్ళో పల్మో అని ఒక అవ్వ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఊరి చివర చాపంత మడి, దాని గట్టునే ఒంటిగది ఇల్లు, అదీ ఆమె ఆస్తి. ఇంటింటికీ పోయి పొయ్యిలో బూడిద ఎత్తి, ఊరవతల వాగులో పోసి రావడం ఆమె పని. అందుకు ఇంటికి గుప్పెడు పిండి పెట్టేవాళ్ళు. అందరూ 'బూడిద పల్మో' అనేవాళ్ళు. ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు.

ఒక ఏడు మంచు ఆలస్యంగా కరిగింది, పంట తాలు పోయింది. రెండో ఏడూ అంతే. మూడో ఏడు మంచు ఇంకా ఎక్కువ పడింది. పొద్దు మొదటి శిఖరం దాటినా పొలాలు తెల్లగానే ఉన్నాయి. ఊరిపెద్ద నవాంగ్ అందరినీ కూర్చోబెట్టాడు. చెడ్డవాడేం కాదు, మూడేళ్ళుగా కంటినిండా నిద్రలేని మనిషి. ఇళ్ళలో మిగిలింది విత్తనాల బార్లీ ఒక్కటే అన్నాడు. పొద్దు మూడో శిఖరం చేరేలోగా నేల కనబడకపోతే దాన్నే దారిబత్తెం చేసుకుని నది దాటుదాం, ఎండవైపు ఊళ్ళో కూలికి కుదురుదాం అన్నాడు. బరువు మోయగలిగిన వాళ్ళకే పని ఇస్తామని, మోయలేని వాళ్ళని వాళ్ళ మనుషులే మోసుకొచ్చి పోషించుకోవాలని అటువాళ్ళు కబురు పెట్టారట.

ముసలివాళ్ళ మాటేమిటని ఎవరో నసిగారు. మా అమ్మని నేను మోసుకుపోతాను, మా మామని నేను మోసుకుపోతాను అని తలా ఒకరు అన్నారు. పల్మోని మోస్తానన్నవాళ్ళు మాత్రం లేరు. ఆమె అక్కడే, గోడవారగా కూర్చుని ఉంది. అంతా వింది. ఊరు కదిలితే ఆ కొండ కింద తను ఒక్కతే మిగులుతుందని ఆమెకు అర్థమైపోయింది.

"నాయనా నవాంగ్," అంది. "నేను బూడిద పోసే వాగులో ఏటా మంచు ముందు కరుగుతుంది. నల్లగా ఉన్న చోట ఎండ పట్టుకుంటుంది. పొలాల మీద కూడా చల్లి చూద్దామా?"

జనం కొండకేసి చేతులు జోడించారు. మంచంటే కొండతల్లి కప్పుకున్న దుప్పటి అని వాళ్ళ నమ్మకం. వాగులోనైతే సరే, అది ఎప్పుడో మైలపడ్డ చోటు. పొలం మీది మంచు మైలపడితే తల్లి ఒళ్ళు విదిలిస్తుందనీ, కొండ మీది మంచంతా విరిగి ఊరి మీద పడుతుందనీ వాళ్ళ భయం. ఆ భయం ఊరికే రాలేదు. నవాంగ్ తమ్ముడు అలాంటి మంచు కిందే పోయాడు.

"తల్లి దుప్పటి ముట్టకూడదు అవ్వా," అన్నాడు నవాంగ్.

"నా మడి మీదే చల్లుకుంటాను నాయనా. కోపమొస్తే నన్నే తీసుకుపోతుంది."

మొదటిసారి తన పొయ్యిలో బూడిద చల్లింది. ఎండ తగిలి మంచు కాస్త కుంగింది. సాయంత్రానికి కొత్త మంచు కురిసి దాన్ని కప్పేసింది. తల్లి దుప్పటి ముట్టకూడదని చెప్పానా లేదా అన్నాడు నవాంగ్.

రెండోసారి ఇంటింటికీ పోయింది. ఎందుకో తెలుసు కనుక ఎవరూ తలుపు తీయలేదు. నవాంగ్ కోడలు ఛుకిత్ మాత్రం బూడిద బుట్ట గడప బయట పెట్టి, చూడనట్టు లోపలికి పోయింది. ఆ బూడిద చల్లితే మంచు మూరెడు దిగింది. రెండు రోజులకే మళ్ళీ కురిసి కప్పేసింది. తల్లి దుప్పటి ముట్టకూడదని మళ్ళీ అన్నాడు నవాంగ్.

మూడోసారికి బూడిద లేదు. మన్ను చల్లుదామంటే మన్నంతా మంచు కిందే ఉంది, రాయిలా గడ్డకట్టి. పల్మో తల పైకెత్తి చూసింది. ఆ ఊరి ఇళ్ళు మన రాయలసీమ మట్టి మిద్దెల్లాంటివి. దూలాలు, వాటి మీద రెమ్మలు, రెమ్మల మీద జానెడు మందాన మన్ను. అవ్వ నిచ్చెన వేసుకుని పైకెక్కింది. మంచు ఊడ్చేసింది. గునపంతో మిద్దె తవ్వడం మొదలుపెట్టింది.

మూడు రోజులు తవ్వింది. మూడు రోజులు మోసింది. బరువు మోయలేదని ఊరివాళ్ళు వదిలిపోదామనుకున్న మనిషి, బుట్ట మీద బుట్ట, ఎన్ని మోసి మడి మీద పోసిందో ఎవరికీ తెలియదు.

నవాంగ్ వచ్చి చూశాడు. ఈసారి దుప్పటి మాట ఎత్తలేకపోయాడు. "కప్పు తీసేసి ఎక్కడ పడుకుంటావు అవ్వా?" అన్నాడు.

"మీరంతా పోయాక కప్పు కింద నేనొక్కదాన్నే ఏం చేసుకోను నాయనా?" అంది పల్మో.

నవాంగ్ తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మంచు కురవలేదు. మూడు రోజులు ఎండ కాసింది. పొద్దు మూడో శిఖరం చేరడానికి ఇంకా పది రోజులున్నాయి, ఊళ్ళో మూటలు కట్టడం మొదలైంది. ఆ వేళ ఛుకిత్, పల్మో అవ్వ ఇంటివైపు చూసింది. ఊరంతా తెల్లగా ఉంటే చివర చాపంత మేర నల్లగా ఉంది. ఛుకిత్ కేక విని నవాంగ్ పరుగున పోయి ఆ మడిలో చెయ్యి దూర్చాడు. మన్ను మెత్తగా, తడిగా ఉంది. కొండకేసి భయంభయంగా చూశాడు. తల్లి కదల్లేదు.

మూటలు దిగాయి. అందరూ ఎవరి మిద్దె వాళ్ళు ఎక్కి పై పొర గీకారు, పశువుల కొట్టాల్లో నేల తవ్వారు, ఆ మన్ను పొలాల మీద చల్లారు. పొద్దు మూడో శిఖరం చేరకముందే విత్తనం నేలలో పడింది. అందరికంటే ముందు అవ్వ మడిలోనే విత్తారు.

అప్పటికి అవ్వ ఛుకిత్ పొయ్యి పక్కన పడుకుని ఉంది. కప్పులేని ఇంట్లో గడిపిన రాత్రులు ఆమె ఊపిరితిత్తుల్ని తినేశాయి. నవాంగ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. నీ మడిలో విత్తాం అవ్వా అన్నాడు.

"అయితే ఇక ఎవరూ పోరుగా?" అంది.

"ఎవరూ పోరు అవ్వా."

ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు. ఆ ఏడు బార్లీ గింజ పంటికింద గట్టిగా తగిలింది. ఒక్క గింజైనా ఆమె నోట పడలేదు. ఎంత చెప్పుకున్నా తీరని బాధ అది.

ఇప్పటికీ ఆ వైపు మంచు పడకముందే ప్రతి ఇంటివాళ్ళూ మూడు బుట్టల మన్ను ఇంట్లో దాచుకుంటారు, వసంతంలో మంచు మీద చల్లడానికి. అంతకంటే ముందు ఇంకో బుట్ట నింపుతారు. ఎవరూ మోసే దిక్కులేని ఒంటివాళ్ళ ఇంటికి దాన్ని తీసుకుపోతారు. గడప ముందు దించి ఆ ఇంటివాళ్ళని పేరు పెట్టి పిలవరు. "పల్మో అవ్వా, మన్ను తెచ్చాం" అంటారు. లోపల ఉన్నది ఆడైనా, మగైనా, ఎవరైనా సరే, "వచ్చారా నాయనా" అంటూ తలుపు తీయాలి. తీసేదాకా అక్కడే నిలబడతారు.