యువరాణి మొదటి పిలుపు

వికృతి నామ సంవత్సరం, ముసురు పట్టిన శ్రావణమాసం. ఏటి ఒడ్డున ఒకానొక చిన్న రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదైనా దర్పం పెద్దది. రాజవంశంవారు ముందుగా నోరు విప్పితే తప్ప వారి ఎదుట ఎవరూ పెదవి కదపకూడదన్నది ఆయన కట్టడి. తప్పినవారికి కొలువు పోతుంది. ఆయన ఆవులించినా ఆజ్ఞే. గొంతు సవరించుకుంటే సభంతా లేచి నిలబడేది.

ఆయన ఒక్కగానొక్క కూతురు కువలయకు మూడో ఏడు నడుస్తున్నా మాట రాలేదు. నాలుకకు వసకొమ్ము అరగదీసి రాశారు, జపాలు చేయించారు. చివరికి ఆస్థాన వైద్యుడు పిల్ల మూగదని తేల్చేశాడు. దసరా వెళ్లగానే ఆమెను కొండమీది మేడకు పంపేయాలని రాజు నిశ్చయించాడు. రాణి అన్నం మానేసింది.

ముసలి విదూషకుడు ఓబన, తన మనవలను ఎత్తుకు పెంచినవాడు. రాణి కబురంపితే అంతఃపురానికి వెళ్లి చూశాడు. పిల్ల కన్ను తిప్పితే దాసీలు బొమ్మ అందిస్తున్నారు. చెయ్యి చాపితే పాలగిన్నె వచ్చేస్తోంది. అందరి నోళ్లూ కుట్టేసినట్టున్నాయి. రాణిది రాజవంశం కాదట, అందుకని కన్నతల్లికీ అదే కట్టడి. రాజుకేమో పసిపిల్లతో మాట్లాడటం నామోషీ. ఆ నిశ్శబ్దంలో బిక్కుబిక్కుమంటూ చూస్తున్న పిల్లను చూసి ఓబన గుండె చివుక్కుమంది.

మర్నాడు రాజు అటుగా వస్తే లోపల మాటలు వినిపించాయి. ఓబన నేలమీద చతికిలబడి, పాలగిన్నె ఎత్తి చూపిస్తూ, "పాలు కావాలా అమ్మడూ?" అని ఆగాడు. తొందరపడలేదు.

"ప్ప" అంది పిల్ల.

"ఆఁ, పాలు. ఇవిగో, వెచ్చటి పాలు."

రాజు మండిపడ్డాడు. "ఓబనా, కట్టడి మరిచావా?"

"మరవలేదు ప్రభూ. యువరాణీవారు సెలవిచ్చారు, నేను బదులు చెప్పుకుంటున్నాను."

"అది మాటా?"

"నిన్న ఏలినవారు గొంతు సవరించుకుంటే సభ లేచి నిలబడింది. అది ఆజ్ఞ అయినప్పుడు ఇది మాట కాదా? కాదంటే సెలవియ్యండి, రేపటినుంచి మేం కూర్చునే ఉంటాం."

రాజు ఓబననూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. సరే, దసరా దాకా చూద్దామన్నాడు.

ఆనాటినుంచి పిల్ల ఏ కూత కూసినా అంతఃపురమంతా బదులు పలికింది. దాసీలు పువ్వు చూపి పువ్వన్నారు, పిట్టను చూపి పిట్టన్నారు. రాణి నీళ్లు పోస్తూ ఇది చెయ్యి, ఇది కాలు అని ముద్దుముద్దుగా చెప్పేది.

దసరానాడు రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కువలయ తన పక్కన చాపమీద అరచేత్తో తట్టింది.

"నాన్నా, దా."

ఆయనను దా అని పిలిచినవారు ఆ రాజ్యంలో లేరు. రాజు కిరీటం తీసి పక్కన పెట్టి చాపమీద కూర్చున్నాడు. కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. ఓబనకు జరీ శాలువా కప్పి అడిగాడు.

"నిజం చెప్పు. ఆ మొదటిరోజు ముందు మాట్లాడింది ఎవరు?"

"నేనే ప్రభూ. మనం పలకరించకపోతే పసిపిల్ల ఎవరికని బదులిస్తుంది?"

రాజు మళ్లీ నవ్వాడు. ఆ కట్టడిని ఆ క్షణమే కొట్టేశాడు. కానీ అంతకుముందు కట్టడి తప్పడం తప్పేనన్నాడు.

ఓబన కొలువు పోయింది.