మూడో కూత

బొబ్బిలి కాలేజీ కబడ్డీ జట్టులో పైడినాయుడు అనే కుర్రాడు ఉండేవాడు. అతనిది ఉడుంపట్టే గానీ, కాలు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. బస్సు ఆగకముందే దిగేవాడు. పొగలు కక్కే అన్నం నోట్లో పెట్టుకుని నాలిక కాల్చుకునేవాడు. బరిలోనూ అంతే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేవాడు.

ఎడమ మూల అతనిది. పక్కన గురుమూర్తి అతని చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. కూతకు వచ్చినవాడు బాగా లోపలికి వచ్చాక గురుమూర్తి వేళ్లు నొక్కుతాడు, అప్పుడు ఇద్దరూ కలిసి దూకాలి. అదీ వాళ్ల ఒప్పందం. పైడినాయుడు ఆ నొక్కు కోసం ఏనాడూ ఆగలేదు. కాలేజీ పోటీల్లో ఎదుటివాళ్లూ కుర్రకుంకలే కాబట్టి, ముందుగా దూకినా దొరికిపోయేవారు. జనం ఈలలు వేసేవారు. ఈలల రుచి మరిగినవాడికి బుద్ధులు చెప్పడం కష్టం.

"కాసేపు ఆగరా నాయనా. నిదానమే ప్రధానం అన్నారు," అనేవారు కోచ్ అప్పలస్వామి మాస్టారు.

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు కదా మాస్టారూ," అనేవాడు పైడినాయుడు. మన పెద్దలు ఎవరికి కావలసిన సామెత వాళ్లకి అమర్చిపెట్టి పోయారు మరి.

డిగ్రీ పరీక్షలు అయిపోగానే పైడినాయుడికీ గురుమూర్తికీ విశాఖపట్నం నుంచి పిలుపు వచ్చింది. లీగ్‌లో ఆడే పెద్ద జట్టు ఒకటి అక్కడ కుర్రాళ్లను ఎంచుకుంటోంది. వీపు మీద తన పేరున్న జెర్సీ వేసుకోవాలని పైడినాయుడి ప్రాణం ఎప్పటినుంచో కొట్టుకుంటోంది.

ఎంపికల చివరి రోజు ఆట సరిసమానంగా నడిచింది. ఎదుటి జట్టుకి వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయాయి. అలాంటప్పుడు మూడో కూతలో ఎవరినో ఒకరిని తాకి తీరాలి; ముప్పై సెకన్ల గడువులో తాకలేకపోయినా, ఊరికే తిరిగివెళ్లినా కూతకు వచ్చినవాడే అవుట్. కుర్రాళ్లను పరీక్షించడానికి ఆ కూతకు బల్వాన్ దిగాడు. హర్యానా మనిషి, లీగ్‌లో పండిపోయిన ఆటగాడు.

"ఇప్పుడు పట్టక్కర్లేదొరే. అందకుండా నిలబడితే చాలు, ఆడే అవుటైపోతాడు," అని గొణిగాడు గురుమూర్తి.

"నాకు తెల్సులే," అన్నాడు పైడినాయుడు. నిజంగానే తెలుసు. తెలిస్తే మాత్రం, కాళ్లు వినాలి కదా.

బల్వాన్ నింపాదిగా వచ్చి, పైడినాయుడి కళ్లలోకి చూసి తొడ చరిచాడు. ఒక కాలు చాచి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాచాడు. గురుమూర్తి వేళ్లు వదులుగానే ఉన్నాయి. పైడినాయుడి అరికాళ్లలో చీమలు పాకినట్టయింది. గడువు ముగిసేలోగా ఉండబట్టలేక దూకేశాడు. బల్వాన్ కాలు అందినట్టే అంది జారిపోయింది. చెయ్యి పట్టుకుని ఉన్న పాపానికి గురుమూర్తి కూడా ఆ ఊపుకి వచ్చి పైడినాయుడి మీద పడ్డాడు. బల్వాన్ ఇద్దరినీ తాకేసి గీత దాటిపోయాడు. ఆట చేజారింది.

"నువ్వెందుకు వచ్చిపడ్డావు?" అని ఆ పెద్ద జట్టు కోచ్ గురుమూర్తిని అడిగాడు.

వీడు లాగేశాడు అంటే సరిపోయేది. గురుమూర్తి ఆ మాట అనలేదు. "చెయ్యి వదలకూడదు కదా సార్," అన్నాడు.

కోచ్ గురుమూర్తిని తీసుకున్నాడు. పైడినాయుడు బిక్కమొహం వేసుకుని, "నా పట్టులో తప్పేముంది సార్?" అని అడిగాడు.

"పట్టడం నీకు బాగా వచ్చు. పట్టకుండా ఉండటమే రాదు. అది నేర్చుకుని వచ్చే ఏడు రా," అన్నాడు కోచ్.

ఆ మాట అతన్ని బొబ్బిలి దాకా తరుముకుంటూ వచ్చింది. తన సంగతి అటుంచి, స్నేహితుడి నోటికాడ కూడు పడగొట్టబోయానే అని అతనికి ఏడుపొచ్చింది. తిన్నగా అప్పలస్వామి మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఆయన దెప్పలేదు. రోజూ సాయంత్రం తానే బరిలో దిగి అతని చెయ్యి పట్టుకునేవారు. తాను నొక్కితేనే కదలాలన్నారు. కొన్నిసార్లు ఆట ముగిసేదాకా నొక్కేవారే కాదు.

"ఇవాళ ఒక్కసారైనా నొక్కలేదేటి మాస్టారూ?"

"అవసరం పడలేదు నాయనా."

మొదట్లో పైడినాయుడు పళ్లు నూరుకునేవాడు. పోనుపోను బస్సు ఆగాకే దిగడం కూడా అలవాటైంది.

మరుసటి ఏడు మళ్లీ విశాఖపట్నం, మళ్లీ బల్వాన్, మళ్లీ మూడో కూత. ఈసారి గురుమూర్తి లీగ్ ఆటగాడిగా వచ్చి పక్కన నిలబడ్డాడు. బల్వాన్ తొడ చరిచాడు. అరికాళ్లలో అవే చీమలు. పాకితే పాకనీ అనుకున్నాడు పైడినాయుడు. గురుమూర్తి వేళ్లు నొక్కలేదు, అతను కదల్లేదు. చివరికి బల్వానే కంగారుపడి లోపలికి చెయ్యి విసిరాడు. ఎవరూ అందలేదు. గడువు తీరిపోయింది.

జనంలో ఎవరూ ఈల వేయలేదు. అతను చేసిందేమీ లేదు కదా. రిఫరీ ఈల ఒక్కటే మోగింది. కోచ్ దగ్గరికి వచ్చి, "రేపటి నుంచి ప్రాక్టీసుకి రా," అన్నాడు. పైడినాయుడు అప్పటికీ గురుమూర్తి చెయ్యి వదల్లేదు.

కాబట్టి దూకే సత్తా ఉన్నవాడు ఆగడం కూడా నేర్చుకోవాలి. తొందరపాటు మనతోపాటు మన చెయ్యి పట్టుకున్నవాళ్లనీ పడదోస్తుంది.