ఎర్రయ్యమ్మ బీరువా

అనగనగా ఒక రాజు అని మొదలుపెడతానని చూస్తున్నారేమో, ఈ కథలో రాజు లేడు. ఒక చీపురుంది, ఒక ఇనప బీరువా ఉంది, ఒక తల్లి ఉంది. ఊ కొడితే చెబుతాను, లేదంటే మీ దారిన మీరు పొండి.

సముద్రం ఒడ్డున ఇసక నేలలో మూడు పల్లెలుండేవి. ఎన్నాళ్ల కిందటో నన్నడక్కండి. విన్నది విన్నట్టు చెబుతున్నాను. వాటిలో ఒక పల్లెలో ఎర్రయ్యమ్మ అనే ఆవిడుండేది. మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పటికావిడకి నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. బారసాల కూడా కాకుండానే, పదిహేనో రోజున పోయింది. పసిగుడ్డుని కాల్చరు కదా, పూడ్చిపెడతారు. ఊరి చివర పూడ్చి, మీద మూడు రాళ్లు పెట్టారు. ఏటా అదే రోజున ఎర్రయ్యమ్మ వెళ్లి, ఆ రాళ్ల మీద ఇన్ని పాలు పోసి, కాసేపు కూర్చుని వచ్చేది.

ఇంతలో విమానాలు దిగడానికి నేల కావాలన్నారు. సర్వేయరొకడు గొలుసు పట్టుకుని వచ్చాడు. బావి కనిపిస్తే బావి, తాడిచెట్టు కనిపిస్తే తాడిచెట్టు, అన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. ఎర్రయ్యమ్మ ఎదురెళ్లింది.

"బాబూ, ఇక్కడ నా బిడ్డుంది. ఇది కూడా రాసుకో."

మంచివాడే, పాపం. నెత్తిమీద టోపీ తీసి, కాగితం మీద ఆ చోట మూడు చుక్కలు పెట్టాడు. "రాశానమ్మా" అన్నాడు.

తర్వాత మూడు పల్లెలూ లేచిపోయాయి. దిబ్బలు చదునయ్యాయి, బావులు పూడాయి, చెట్లు కూలాయి. చుట్టూ ముళ్లకంచె వేశారు. రెండేళ్లకి ఎర్రయ్యమ్మ తిరిగొచ్చి చూస్తే ఒక్క గుర్తూ లేదు. ఏది ఎక్కడుండేదో తెలీలేదు. "ఓరి నాయనో, నా బిడ్డ కంచెకి ఇవతలుందా, అవతలుందా?" అని నేల మీద పడి ఏడ్చింది. ఎవరు చెబుతారు?

సర్వేయరు గీసిన పటం ఎక్కడుందో మాత్రం తెలిసింది. విమానాశ్రయం పక్కనే మ్యూజియం పెట్టారు. పాత విమానం రెక్క, పైలట్ల టోపీలు, గాలి ఎటు వీస్తుందో చెప్పే గుడ్డసంచీ, ఇవన్నీ అద్దాల వెనక ఉంచారు. పటాలు మాత్రం ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎర్రయ్యమ్మ వెళ్లి ఆ మ్యూజియంలోనే ఊడ్చే పనికి కుదిరింది. ఎందుకో మీకు వేరే చెప్పాలా?

మొదటి అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబూ, ఒక్కపాలి ఆ బీరువా తీసి సూపించండి. మూడు సుక్కలెక్కడున్నాయో సూసుకుంటాను."

"ఊడ్చేదానికి పటాలెందుకే? పని చూసుకో" అన్నాడాయన.

ఆయన బదిలీ అయ్యేదాకా ఓపిక పట్టింది. రెండో అధికారి వచ్చాడు.

"బాబూ, ఒక్కపాలి ఆ బీరువా తీసి సూపించండి."

"అమ్మో, విమానాశ్రయం పటాలే! శత్రువుల చేతిలో పడితే?" అన్నాడాయన.

చీపురు పట్టుకున్న మనిషి శత్రువట! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఏటా ఆ రోజు వచ్చేది. బిడ్డ ఎక్కడుందో తెలీదు, పాలు పోయకుండా ఉండలేదు. చెంబుడు పాలు పట్టుకుని కంచె చుట్టూ నడిచేది. ఒక్కో స్తంభం మొదట్లో ఒక్కో చుక్క వేసేది. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం దాటేది. కాపలావాళ్లు నవ్వితే, "ఏదో ఒక సుక్క దానికి అందకపోద్దా" అనేది. అలా ముప్ఫై ఏళ్లు.

మూడో అధికారి సుభాషిణి. ఎర్రయ్యమ్మని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అంతా విన్నది.

"తాళం నా దగ్గరే ఉంది పెద్దమ్మా. తీసే హక్కే లేదు. పైనుంచి కాగితం రావాలి. రాస్తాను."

రాసింది, జవాబు లేదు. మళ్లీ రాసింది, జవాబు లేదు. మూడోసారీ రాసింది. ఎర్రయ్యమ్మ రోజూ ఆ బీరువా తలుపులు తుడుస్తూ అడిగేది.

"కాగితం వచ్చిందామ్మా?"

"ఇంకా రాలేదు పెద్దమ్మా."

ఒక సోమవారం ఆవిడ పనికి రాలేదు. జ్వరంతో పోయిందని గురువారం కబురొచ్చింది. ఆవిడ పోయిన పదకొండో రోజున కాగితం వచ్చింది. సదరు ఎర్రయ్యమ్మకు పటము ఒక్కసారి చూపవచ్చును అని అందులో ఉంది. సుభాషిణి అది చేత్తో పట్టుకుని భోరున ఏడ్చింది.

ఏడ్చి, లేచి, బీరువా తీసింది. పాత పటం పరిచి, పక్కన కొత్త పటం పెట్టి కొలిచింది. మూడు చుక్కలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కంచె లోపల కాదర్రా! కంచె బయట, రోడ్డుకి అవతల, బస్టాపు వెనక తర్వాత నాటిన సరుగుడు తోపులో ఉన్నాయి. ముప్ఫై ఏళ్లపాటు రోజూ సాయంత్రం ఎర్రయ్యమ్మ బస్సు కోసం నిలబడిన చోటికి ఇరవై అడుగులు. ఇసక తవ్వితే మూడు రాళ్లూ అలాగే ఉన్నాయి. ఆ తల్లికి గోడ అడ్డం లేదు, కంచె అడ్డం లేదు. ఒక్క తాళమే అడ్డం.

సుభాషిణి పై అధికారి దగ్గరికి వెళ్లింది. "ఒక్కరికి ఒక్కసారి కాదు సార్. అందరికీ, ఎప్పటికీ ఆ బీరువా తెరిచి ఉంచుదాం" అంది. పటాలు, వస్తువుల జాబితా, మూడు పల్లెల చరిత్ర, అన్నీ ఇంటర్నెట్లో పెడతానంది. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, నకలు చేసుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు.

"అందరూ తీసుకుపోతే మనకేం మిగులుతుందమ్మా?"

"ఎంతమంది చూసినా పటం అరగదు సార్. దాచిపెడితే ఏమైందో చూపిస్తాను, నాతో రండి."

ఆయన వచ్చాడు. ఆ మూడు రాళ్లూ, ఆ బస్టాపూ చూశాడు. వెళ్లి సంతకం పెట్టాడు.

అప్పట్నించి మూడు పల్లెలవాళ్లూ ఎక్కడెక్కడినించో ఆ పటం తెరిచి చూసుకున్నారు. ఒకాయనకి తాత తవ్విన బావి దొరికింది. ఒకావిడ ఇల్లు విమానాలు పరుగెత్తే దారి కింద ఉందని తేలింది. ఆవిడా ఏడ్చింది, కానీ ఎటు తిరిగి ఏడవాలో తెలిసి ఏడ్చింది.

ఇప్పటికీ ఆ పటంలో మూడు చుక్కల మీద వేలు పెడితే "ఎర్రయ్యమ్మ బిడ్డ" అని వస్తుంది. పక్కన పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఎవరైనా నింపొచ్చు, ఎవరూ నింపరు. తల్లి పెట్టని పేరు మనమెలా పెడతాం?

అక్కడివాళ్లు ఇంటర్నెట్లో పెట్టిన ఆ మొత్తాన్నీ ఎర్రయ్యమ్మ బీరువా అనే అంటారు. కొత్తగా ఏ పాత కాగితం జనం ముందు పెట్టినా, "ఎర్రయ్యమ్మా, బీరువా తీశాం" అని ఒకసారి అని మరీ పెడతారు. ఏటా ఆ రోజున ఎవరో ఒకరు చెంబుడు పాలు తీసుకెళ్తారు. కంచె చుట్టూ తిరగరు, తిన్నగా బస్టాపు వెనక్కి వెళ్తారు. ఆ దారి ఇప్పుడు అందరికీ తెలుసు. ఆవిడొక్కతికే తెలియకుండా పోయింది.